5.1 ఎక్స్‌పోర్ట్: ఆరు చానళ్లలో రెండే ఎందుకు మోగుతున్నాయి?

మీరు రాసినదాంట్లో నాకు అర్థమైంది ఇది. 18 నిమిషాల షార్ట్ ఫిల్మ్. ప్రీమియర్ ప్రోలో ఎడిట్ చేశారు. వాన శబ్దం వెనక బాక్సులకు, డైలాగులు మధ్య బాక్సుకు వేసి 5.1 మిక్స్ (ముందు మూడు, వెనక రెండు, సబ్‌వూఫర్‌కు ఒకటి, మొత్తం ఆరు చానళ్లు) చేసుకున్నారు. ఎంపీ4గా ఎక్స్‌పోర్ట్ చేసి, పెన్‌డ్రైవ్‌లో వేసి టీవీకి పెట్టారు. టీవీ నుంచి హోమ్ థియేటర్‌కు ఆప్టికల్ కేబుల్ ఉంది. ముందున్న రెండు బాక్సులు తప్ప ఏదీ పలకలేదు. వచ్చే నెల ఒక ఫెస్టివల్‌కు డీసీపీ (థియేటర్‌లో వేయడానికి ఇచ్చే డిజిటల్ సినిమా ప్యాకేజీ) ఇవ్వాలి. ఈలోగా మీ మిత్రుడు డావిన్చీ రిజాల్వ్ అనే ఇంకో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కు మారిపొమ్మని చెప్పారు.

మారనక్కర్లేదు. ఎడిటింగ్ గదిలో నాకు 20 ఏళ్లు దాటాయి. 5.1 చెడిపోవడానికి సాఫ్ట్‌వేర్ కారణమైన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఎక్స్‌పోర్ట్ బటన్ దగ్గర జరిగే తప్పులు కూడా తక్కువే. శబ్దం క్లిప్పు నుంచి ట్రాకుకు, ట్రాకు నుంచి బస్సుకు (ట్రాకులన్నీ కలిసే దారి), బస్సు నుంచి ఎన్‌కోడర్‌కు, అక్కడి నుంచి ప్లేయర్‌కు, చివరికి కేబుల్‌లోకి వెళుతుంది. వీటిలో ఏ ఒక్క గుమ్మం దగ్గర రెండు చానళ్లకే దారి ఉన్నా, అవతలికి రెండే వెళతాయి. ఎవరూ హెచ్చరించరు, ఎర్ర గుర్తు కూడా రాదు. అందుకే అందరూ చివరి గుమ్మాన్నే అనుమానిస్తారు.

మీ విషయంలో నా మొదటి అనుమానం ఆ ఆప్టికల్ కేబుల్ మీదే. దాంట్లో రెండు రకాల శబ్దమే వెళుతుంది: కుదించని శబ్దమైతే రెండు చానళ్లు, లేదా డాల్బీ డిజిటల్, డీటీఎస్ లాంటి కుదించిన ప్రవాహం. ఎంపీ4లో మీరు పెట్టింది ఏఏసీ అనే వేరే రకం కుదింపు. టీవీ దాన్ని తానే విప్పి, ఆరు చానళ్లను రెండుగా కలిపి, కుదించని స్టీరియోగా ఆప్టికల్‌లోకి వదిలి ఉంటుంది. మీ ఫైలు నిక్షేపంగా ఉండి కూడా ఇలా జరగవచ్చు. పాత హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ దారికీ ఇదే పరిమితి ఉంది. కుదించని బహుళ చానళ్లను మోసేది ఈ-ఏఆర్‌సీ.

ఊహలతో పని లేదు, తేల్చుకోవడం తేలిక. మీడియాఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆ ఎంపీ4ను తెరవండి. ఆడియో భాగంలో చానళ్ల సంఖ్య 6 అని, దాని కింద చానళ్ల అమరిక అని రెండు పంక్తులు కనిపించాలి. 6 ఉంటే చాలావరకు తప్పు మీ ఎక్స్‌పోర్ట్‌ది కాదు, కేబుల్‌ది (ఒక మినహాయింపు ఉంది, కింద చెబుతాను). 2 ఉంటే తప్పు టైమ్‌లైన్‌లో ఉంది, కేబుల్ మార్చి లాభం లేదు. టీవీని, రిసీవర్‌ను తిట్టుకునే ముందు ఈ ఒక్క పని చేస్తే సగం రాత్రులు మిగులుతాయి.

6 కనిపించిందే అనుకుందాం. ఇంట్లో వినడానికి వేరే కాపీ ఒకటి చేసుకోండి: బొమ్మ అదే, ఆడియో మాత్రం ఏసీ3, అంటే డాల్బీ డిజిటల్. డీవీడీ కాలంలో దీనికి గరిష్ఠం సెకనుకు 448 కిలోబిట్లు, బ్లూరేలో 640. ఇంటి రిసీవర్లు సాధారణంగా 640ని ఇబ్బంది లేకుండా తీసుకుంటాయి. ప్రీమియర్‌లో ఒకప్పుడు డాల్బీ ఎన్‌కోడర్ లోపలే ఉండేది, తర్వాత అడోబీ దాన్ని తీసేసింది. కాబట్టి ప్రీమియర్ నుంచి ఆరు చానళ్ల వేవ్ ఫైలు తీసి, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఏసీ3గా మార్చి బొమ్మకు జత చేయండి. తర్వాత టీవీ సౌండ్ సెట్టింగుల్లో డిజిటల్ అవుట్‌పుట్ పీసీఎం (కుదించని శబ్దం) అని ఉంటే దాన్ని బిట్‌స్ట్రీమ్ లేదా పాస్‌త్రూకు మార్చండి. రిసీవర్ ముఖం మీద డాల్బీ డిజిటల్ అన్న మాట వెలిగితే ఆరు చానళ్లు గడప దాటాయన్నమాట.

ఇక 2 కనిపించిందనుకుందాం. ప్రీమియర్‌లో సీక్వెన్స్ మొదలుపెట్టేటప్పుడు ట్రాక్స్ అనే ట్యాబ్‌లో మిక్స్ ట్రాక్ ఏ రకమో అడుగుతుంది: స్టీరియో, 5.1, మల్టీచానల్, మోనో. అది పుట్టుమచ్చ లాంటిది. నేను వాడిన వెర్షన్లన్నిటిలోనూ ఒకసారి ఎంచుకున్నాక మార్చడం కుదరలేదు. క్లిప్పును టైమ్‌లైన్ మీదికి లాగి సీక్వెన్స్ తయారుచేసేవాళ్లకు తెలియకుండానే అది స్టీరియో అయిపోతుంది. ఆ తర్వాత ఎక్స్‌పోర్ట్ కిటికీలో 5.1 అని ఎంచుకుంటే సాఫ్ట్‌వేర్ మారు మాట్లాడకుండా ఆరు చానళ్ల ఫైలు ఇస్తుంది. అందులో ఉండేది మాత్రం మీ స్టీరియోనే. మీడియాఇన్ఫో కూడా 6 అనే చూపిస్తుంది! అందుకే 6 అన్న అంకె ఒక్కటే చాలదు. ఆ ఫైలును మళ్లీ టైమ్‌లైన్ మీదికి తెచ్చి ఆరు తరంగాలూ కంటితో చూడండి. డైలాగు వచ్చే చోట మధ్య చానల్ గీత ఎగరాలి, ఎడమ కుడి గీతలు దాదాపు నిద్రపోవాలి.

దీనికి విరుగుడు: మిక్స్ ట్రాక్ 5.1గా కొత్త సీక్వెన్స్ తెరిచి, పాత టైమ్‌లైన్‌లోని క్లిప్పులన్నీ కాపీ చేసి అందులో అతికించండి. పాత సీక్వెన్స్‌నే మొత్తంగా తీసుకొచ్చి కొత్తదాని లోపల పెట్టకండి. అది స్టీరియోగా కలిసిపోయిన తర్వాతే లోపలికి వస్తుంది, వేరుచేయడానికి ఏమీ మిగలదు. అతికించాక ఆడియో ట్రాక్ మిక్సర్‌లో ప్రతి ట్రాకుకూ చిన్న చదరం, దానిలో ఒక చుక్క కనిపిస్తాయి. ఆ చుక్కను జరిపి శబ్దాన్ని గదిలో ఎక్కడ ఉంచాలో చెబుతారు. పక్కనే మధ్య చానల్ శాతానికి ఒక నాబ్, ఎల్ఎఫ్ఈకి (సబ్‌వూఫర్‌కు వెళ్లే చానల్) ఎంత పంపాలో చెప్పే నాబ్ ఉంటాయి. డైలాగు ట్రాకుకు చుక్క ముందు గోడ మధ్యలో, మధ్య శాతం పూర్తిగా. ఎల్ఎఫ్ఈ నాబ్ కట్టేసి ఉంచండి, దాని సంగతి తర్వాత చెబుతాను.

రిజాల్వ్ వాడేవాళ్ల కోసం క్లుప్తంగా: ఫెయిర్‌లైట్ పేజీకి వెళ్లి, ఫెయిర్‌లైట్ మెనూలోని బస్ ఫార్మాట్‌లో ప్రధాన బస్సును 5.1 చేయాలి. డెలివర్ పేజీలో ఆడియో ట్యాబ్ తెరిచి అవుట్‌పుట్ ట్రాకుగా ఆ బస్సునే ఎంచుకోవాలి. బస్ ఫార్మాట్‌లో 5.1 అని ఒకటి, 5.1 ఫిల్మ్ అని ఇంకొకటి కనిపిస్తాయి. రెండూ ఒకటే కదా అని ఏదో ఒకటి నొక్కేవాళ్లు చాలామంది. నేనూ వాళ్లలో ఒకణ్ని, ఒకప్పుడు.

ఆ కథ చెప్పాలి, ఎందుకంటే డీసీపీ దగ్గర మీకు పొంచి ఉన్న ప్రమాదం అదే. ఆరు చానళ్లను వరుసలో పెట్టడానికి రెండు ఆచారాలు బాగా వాడుకలో ఉన్నాయి. ఒకటి: ఎడమ, కుడి, మధ్య, ఎల్ఎఫ్ఈ, వెనక ఎడమ, వెనక కుడి. డీసీపీలో మొదటి ఆరు చానళ్ల వరుస ఇదే. రెండోది సినిమా మిక్సింగ్ గదుల పాత ఆచారం: ఎడమ, మధ్య, కుడి, వెనక ఎడమ, వెనక కుడి, ఎల్ఎఫ్ఈ. తెర వెనక బాక్సులు ఎడమ నుంచి కుడికి ఎలా ఉంటాయో అలాగే రాసుకోవడం. ప్రో టూల్స్ అనే ఆడియో సాఫ్ట్‌వేర్ లోపలా ఇదే వరుస.

చాలా ఏళ్ల కిందట ఒక చిన్న చిత్రానికి నేను రెండో వరుసలో ఫైళ్లు ఇచ్చాను. డీసీపీ చేసినవారు మొదటి వరుసే అనుకున్నారు. ఫైళ్లకు ఒకటి నుంచి ఆరు దాకా అంకెలే పెట్టాను, పేర్లు పెట్టలేదు. తప్పు నాదే. ప్రదర్శన రోజు థియేటర్‌లో నాలుగో వరుసలో కూర్చున్నాను. మొదటి సన్నివేశంలో వంటింట్లో ముసలావిడ మాట్లాడుతుంది. ఆవిడ తెర మధ్యలో ఉంది, గొంతు మాత్రం కుడి పక్క బాక్సులోంచి వచ్చింది. పక్కనున్నాయన తల అటు తిప్పి మళ్లీ తెర వంక చూశాడు. ఆర్ఆర్‌లో (నేపథ్య సంగీతంలో) కుడివైపు ఉండాల్సిన వాయిద్యాలు తెర నడిమధ్యన కూర్చున్నాయి. వెనక ఎడమకు వేసిన వాన మొత్తం సబ్‌వూఫర్‌లో పడింది. వాన కాస్తా ఎక్కడో దూరంగా లారీ ఆగి ఇంజిన్ ఆడుతున్నట్టు వినిపించింది. ఇక ఉరుము. మూడు రోజులు కూర్చుని ఎల్ఎఫ్ఈకి చెక్కిన ఉరుము, వెనక కుడివైపు గోడకున్న చిన్న బాక్సుల్లో టపటపమని కొట్టుకుంది. విరామంలో దర్శకుడు వచ్చి 'బాగుందండీ, కొత్తగా ఉంది' అన్నాడు. నేను బాత్‌రూమ్‌కు వెళ్లి చాలాసేపు ముఖం కడుక్కున్నాను.

ఎంపీ4, ఎంకేవీ లాంటి ఫైళ్లలో ఏ చానల్ ఏదో చెప్పే చీటీ లోపల ఉంటుంది. ఏఏసీ లోపలి వరుస వేరే అయినా, విప్పే యంత్రం ఆ చీటీ చూసి సర్దుకుంటుంది, దాని గురించి బెంగ వద్దు. విడివిడి మోనో ఫైళ్లకు ఆ చీటీ లేదు. ఫైలు పేరే దాని చీటీ. కాబట్టి ఆరు మోనో వేవ్ ఫైళ్లు ఇచ్చేటప్పుడు చిత్రం పేరు, తర్వాత ఎల్, ఆర్, సి, ఎల్ఎఫ్ఈ, ఎల్ఎస్, ఆర్ఎస్ అని ఇంగ్లిషు అక్షరాల్లో రాయండి. తెలుగు మీద ఎంత అభిమానం ఉన్నా ఫైలు పేర్లలో తెలుగు లిపి, ఖాళీలు వద్దు. ఎక్కడో ఒక పాత సర్వర్ వాటిని చూసి బిగుసుకుపోతుంది. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. డీసీపీలో శబ్దం కుదించకుండానే ఉంటుంది కాబట్టి ఎంపీ4లోంచి ఏఏసీ తీసి ఇవ్వకండి.

ఆరు విడి ఫైళ్లు ఎందుకు, ఆరు చానళ్ల ఫైలు ఒకటి ఇస్తే చాలదా అంటే, మీ 18 నిమిషాలకు చాలు. ఆరు చానళ్లు, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ అంటే సెకనుకు 8,64,000 బైట్లు. మీది 930 ఎంబీ చుట్టుపక్కల వస్తుంది. మామూలు వేవ్ ఫైలు 4 జీబీ దాటలేదు, అంటే ఈ లెక్కన 83 నిమిషాల దగ్గర అది నిండిపోతుంది. రేపు రెండున్నర గంటల సినిమా చేసినప్పుడు ఇది గుర్తుంచుకోండి. ఆర్ఎఫ్64 అనే పెద్ద రకం వేవ్ ఉంది కానీ అవతలివాళ్లు దాన్ని తెరవగలరో లేదో అడగాలి. మోనో ఫైళ్లయితే ఆ గొడవే లేదు.

సొంతంగా డీసీపీ చేసుకుంటానన్నారు కదా, డీసీపీ-ఓ-మ్యాటిక్ ఉచితం, మంచిది. దాని ఆడియో విభాగంలో గళ్ల పట్టిక ఒకటి ఉంటుంది: ఒక పక్క మీ ఫైలు చానళ్లు, ఇంకో పక్క డీసీపీ చానళ్లు. ఏ గడి వెలుగుతోందో వేలు పెట్టి చదవండి. అక్కడే ఫ్రేమ్ రేటు కూడా చూడండి. కెమెరా మెనూలో 24 అని కనిపించినా చాలా కెమెరాలు తీసేది 23.976. దాన్ని 24కు నడిపినప్పుడు శబ్దాన్ని కూడా అదే నిష్పత్తిలో తొందరపెట్టకపోతే, మీ చిత్రం చివరికి వచ్చేసరికి పెదవికీ మాటకూ ఒక సెకను ఎడం వస్తుంది. 25లో తీసి ఉంటే 24కు దించినప్పుడు చిత్రం 45 సెకన్లు పెరుగుతుంది, గొంతు కొంచెం బరువెక్కుతుంది. ఈ సర్దుబాటు ఎక్కడ జరగాలో ఒకే చోట నిర్ణయించండి. ప్రీమియర్‌లో ఒకసారి, డీసీపీ దగ్గర ఇంకోసారి జరిగిన ఉదాహరణలు చూశాను. వేరేచోట మిక్స్ చేయించిన శబ్దమైతే, బొమ్మ మొదలవడానికి సరిగ్గా 2 సెకన్ల ముందు ఒక్క ఫ్రేము నిడివిగల బీప్ పెట్టించుకోండి. 24 ఫ్రేముల లెక్కలో అది 2,000 శాంపిళ్లు. బీప్ ఫ్రేముకు కూర్చుంటే మొదలు సరిపోయినట్టే, చివర ఇంకో బీప్ ఉంటే జారుడు కూడా తెలిసిపోతుంది.

ఇప్పుడు ఎల్ఎఫ్ఈ. మీరు 'బేస్ అంతా దానికే పంపాను' అని రాశారు. దయచేసి వెనక్కి తీసుకోండి. అది బేస్ చానల్ కాదు, అదనపు బేస్ చానల్. పిడుగు, భూకంపం, రైలు కింద నేల అదరడం లాంటి వాటికి. థియేటర్‌లో దాన్ని మిగతావాటికంటే 10 డెసిబెల్స్ పెంచి వాయిస్తారు. సుమారు 120 హెర్ట్జ్ పైన దానికి పని లేదు. అసలు సంగతి ఇది: ఆరు చానళ్లను రెండుగా కలిపేటప్పుడు మామూలుగా ఎల్ఎఫ్ఈని పారేస్తారు. మీ ఆర్ఆర్‌లోని మృదంగం దానిలో మాత్రమే ఉంటే, ఫోనులో చూసినవాళ్లకు అసలు వినపడదు. మృదంగం ముందు ఎడమ, కుడి చానళ్లలో పూర్తిగా ఉండాలి. చిన్న బాక్సులు మోయలేని కింది శ్రుతులను సబ్‌వూఫర్‌కు మళ్లించే పని ఇంటి రిసీవర్ తానే చూసుకుంటుంది.

అలా కలిపేటప్పుడు మధ్య చానల్‌ను, వెనక చానళ్లను 3 డెసిబెల్స్ తగ్గించి ఎడమ కుడికి చేర్చడం అందరూ పాటించే పద్ధతి. మూడు శబ్దాలు ఒకే చోట చేరడం వల్ల గట్టిగా ఉన్న సన్నివేశం పగలవచ్చు. ప్రీమియర్‌లో ఆడియో ప్రిఫరెన్సుల్లో 5.1ను స్టీరియోగా ఎలా కలపాలో ఎంచుకునే చోటు ఉంది. ముందు చానళ్లే కావాలా, వెనకవి కూడా కావాలా, ఎల్ఎఫ్ఈ చేర్చాలా అని అడుగుతుంది. అక్కడ వెనకవి కూడా ఎంచుకోకపోతే మీ వాన హెడ్‌ఫోన్‌లో కురవదు. యూట్యూబ్‌కు పెట్టేటప్పుడు 5.1 ఇవ్వవచ్చు, ఏఏసీకి వాళ్లు సూచించే రేటు సెకనుకు 512 కిలోబిట్లు, స్టీరియోకు 384. మీ ప్రేక్షకుల్లో ఎక్కువమంది ఫోనులోనే చూస్తారు కాబట్టి నేనైతే విడిగా విని సరిచేసిన స్టీరియో ఇస్తాను.

థియేటర్‌కు సంబంధించి ఇంకొక తేడా ఉంది, ఇంట్లో మిక్స్ చేసినవాళ్లను ఇది తప్పక కరుస్తుంది. ఇంట్లో ఐదు బాక్సులనూ ఒకే స్థాయికి సరిచేసుకుంటాం. థియేటర్‌లో తెర వెనక ఒక్కో చానల్ 85 డెసిబెల్స్ అయితే, వెనక చానళ్లు ఒక్కొక్కటి 82. మీ గదిలో సరిగ్గా ఉన్న వాన అక్కడ 3 డెసిబెల్స్ వెనక్కి తగ్గుతుంది. ఫెస్టివల్ కాపీకి వెనక చానళ్లను ఆ మేరకు పెంచండి, ఇంటి కాపీకి వద్దు. డైలాగు స్థాయి విషయంలో పుస్తకం ప్రకారం థియేటర్ ఫేడర్ (శబ్దం పెంచే, తగ్గించే మీట) 7 మీద ఉండాలి. నేను తిరిగిన మన ఊళ్ల థియేటర్లలో 5 దాటడం అరుదు. ఎవరో ఒకరు గట్టిగా మిక్స్ చేసి ఇస్తారు, ఆపరేటర్ తగ్గిస్తాడు, ఆ తర్వాత వచ్చే నెమ్మదైన చిత్రం గుసగుసలాడుతుంది. ఈ పోటీలో దిగకండి, కానీ గుసగుసగా పలికిన డైలాగులను మాత్రం కాస్త పైకి లేపి ఉంచండి.

స్టీరియో సంగీతాన్ని ఆరు చానళ్లకూ నకలు వేసి 5.1 అనిపించుకోవచ్చా అని కూడా అడిగారు. వద్దు. హాల్లో వెనక వరుసల వాళ్లకు వెనక బాక్సు శబ్దం, తెర శబ్దం ఒకేసారి చేరకపోవచ్చు, పాట రెండుసార్లు పాడినట్టు ఉంటుంది. వెనకకు వేయడానికి నిజమైన శబ్దం లేకపోతే ఆ చానళ్లను నిశ్శబ్దంగా వదిలేయండి. డైలాగు ఒక్కటి మధ్యకు వచ్చినా చాలు. ఎడమ కుడి మాత్రమే ఉన్న స్టీరియోలో, పక్క సీట్లలో కూర్చున్నవాళ్లకు హీరో గొంతు దగ్గరి గోడలోంచి వస్తుంది. మూడు చానళ్లను శ్రద్ధగా వాడిన చిత్రం, ఆరింటినీ ఊరికే నింపిన చిత్రంకంటే బాగుంటుంది.

ఇవన్నీ చేసే ముందు ఇంకో పని చేయండి. ఆ వాన రాత్రి ప్రదర్శన తర్వాత నేను ఒక్క చిత్రాన్నీ ఇది లేకుండా పంపలేదు. ఫోనులో మీ గొంతుతోనే 'ఎడమ', 'కుడి', 'మధ్య', 'వెనక ఎడమ', 'వెనక కుడి' అని ఒకదాని తర్వాత ఒకటి రికార్డు చేయండి. ఒక్కో మాటను ఆ చానల్‌కు మాత్రమే వేయండి. ఎల్ఎఫ్ఈకి గొంతు పనికిరాదు, అక్కడ 50 హెర్ట్జ్ టోన్ పెట్టండి. తెర మీద కూడా ఆ మాటే తెల్లటి అక్షరాల్లో కనిపించనివ్వండి. మొత్తం 30 సెకన్లు చాలు. ఇప్పుడు ఈ ముక్కను మీ చిత్రం వెళ్లే దారిలోనే పంపండి: అదే సీక్వెన్స్ రకం, అవే ఎక్స్‌పోర్ట్ సెట్టింగులు, అదే డీసీపీ, అదే ఇంటి కేబుల్. ఏ గుమ్మం దగ్గర తడబడినా మీ గొంతే చెబుతుంది. 'మధ్య' అన్న మాట కుడి బాక్సులోంచి వస్తే ఏ వరుస తారుమారైందో పైన చెప్పిన రెండు ఆచారాలు చూస్తే వెంటనే తెలిసిపోతుంది.

ఫెస్టివల్ వాళ్లను ఉదయం మొదటి ప్రదర్శనకు ముందు పది నిమిషాలు అడగండి. చాలాచోట్ల ఇస్తారు. ఆ ముక్కను విడి డీసీపీగా ఒక డ్రైవులో పట్టుకెళ్లి, ఆపరేటర్‌ను మర్యాదగా అడిగి వేయించుకోండి. హాల్లో మధ్య సీట్లో కూర్చుని వినండి, తర్వాత చివరి వరుసలో మూలకు వెళ్లి వినండి. ఒకసారి ఒక ఊళ్లో వెనక ఎడమ బాక్సులు ఎన్ని నెలల నుంచో పనిచేయడం లేదని ఆ 30 సెకన్లలోనే బయటపడింది. ఆపరేటర్ నిచ్చెన వేసుకుని వెళ్లి వదులైన తీగ బిగించి వచ్చాడు.